పావు తులం మందు, తులం గుండు

బంగారు పని చేసే ఆచారుల పాత తూకంలో తులానికి 12 మాషాలు, మాషాకు 8 గురిగింజలు, వెరసి 96 గురిగింజల ఎత్తు. కంపెనీ ప్రభుత్వం 1833లో ఆ తులాన్ని వెండి రూపాయి బరువుతో ముడిపెట్టి సరిగ్గా 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది. ఇప్పుడు కొట్లలో పది గ్రాములనే తులం అంటున్నా, అసలు తులం 11.66 గ్రాములు. గ్రెయిన్ అనే ఆ కొలత మన బంగారు అంగళ్లలో నుంచి ఎన్నడో వెళ్లిపోయింది. అమెరికాలో ఇంట్లోనే తూటాలు నింపుకునేవాళ్ల బల్ల మీద మాత్రం అది ఈనాటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. అక్కడ జింకల వేటకు వాడే .30-06 రైఫిల్లో 180 గ్రెయిన్ల గుండు అతి మామూలు వస్తువు. అంటే అది అచ్చంగా పాత తులమెత్తు.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు తక్కువేమీ లేవు. టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం, మిషిగన్‌లో నవంబరు 15న జింకల వేట కాలం మొదలవుతుంది. తోటి ఉద్యోగులతో కలిసి ఒకటి రెండేళ్లు వెంట వెళ్లినవాడు మూడో ఏడు సొంతంగా కొత్త రైఫిల్ కొంటాడు. ఇంకో ఏడాదికి అతని గ్యారేజీలో ఒక బల్ల, దాని అంచున బోల్టులతో బిగించిన ఇనుప ప్రెస్, పక్కన చిన్న తక్కెడ కనిపిస్తాయి. వీడియో కాల్‌లో ఆ బల్లను చూసిన ఇంటి పెద్దలు సాధారణంగా అడిగే ప్రశ్నలు మూడు. కొట్లో దొరికే తూటాను ఇంట్లో చేసుకోవడం దేనికి? అది చేతిలో పేలదా? పోలీసులు ఊరుకుంటారా? మూడూ అడగవలసిన ప్రశ్నలే. వాటిలో మొదటిదానికి జవాబు తెలిస్తే మిగతా రెండింటికీ దారి దొరుకుతుంది.

తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి గుల్ల, దాని అడుగున చిన్న బొత్తాములా కూర్చునే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. కాల్చినప్పుడు ప్రైమర్ పేలిపోతుంది, మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది. మిగిలేది గుల్ల ఒక్కటే, నాలుగింటిలోనూ ఖరీదైనదీ చాలాసార్లు అదే. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఆ ఇత్తడికి సాగే గుణంతో పాటు సాగిన తరువాత కొంత వెనక్కి ముడుచుకునే గుణం కూడా ఉంది. తుపాకీ పేలిన క్షణంలో గుల్ల ఉబ్బి, గొట్టం వెనుక తూటా కూర్చునే గది అయిన ఛాంబర్ గోడలకు గట్టిగా అతుక్కుని, మండుతున్న వాయువు కాల్చేవాడి ముఖం వైపు రాకుండా అడ్డుపడుతుంది. ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకుంటుంది కాబట్టే, ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్టును లాగితే సులువుగా ఊడి వస్తుంది. ఊడి వచ్చిన ఆ గుల్ల ఇక పాత గుల్ల కాదు. ఆ ఒక్క రైఫిల్ ఛాంబర్‌కు అది అచ్చు పోసిన మూస.

చేతితో తూటా నింపుకోవడంలోని అసలు విషయం ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ తయారుచేసే తూటా దేశంలో ఆ కొలతకు చెందిన ప్రతి తుపాకీలోనూ పట్టాలి. అన్నిటికంటే బిగువైన ఛాంబర్‌లోనూ దూరాలి కాబట్టి దాన్ని కాస్త సన్నగానే చేస్తారు, మిగతా తుపాకుల్లో అది కొంత వదులుగా కూర్చుంటుంది. సొంతంగా నింపుకునేవాడికి ఆ ఇబ్బంది లేదు. బోల్టు రైఫిల్లో ఒకసారి కాల్చిన గుల్లను డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కేటప్పుడు, మూతి వైపు సన్నబడే దాని భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు మాత్రమే వెనక్కి జరిపితే చాలు. అప్పుడు తూటా ఆ ఛాంబర్‌లో కొలిచి కుట్టిన రవికలా కూర్చుంటుంది. గుండును ఎంత లోతున బిగించాలన్నదీ అతని చేతిలోనే ఉంటుంది. బ్యారెల్‌లో మెలికల గాడులు మొదలయ్యే చోటుకు గుండు ఎంత ఎడంగా ఉండాలో తుపాకీ తుపాకీకీ మారుతుంది. ఒకే నెలలో, ఒకే యంత్రం మీద తయారైన రెండు రైఫిళ్లు కూడా ఈ విషయంలో ఒకదానితో ఒకటి ఏకీభవించవు.

కొత్త రైఫిల్ విషయంలో ఇదంతా మరీ ముఖ్యం కావడానికి ఒక కారణం ఉంది. గుండు గొట్టంలో ఉండే కాలం సెకనులో సుమారు వెయ్యో వంతు. అంత తక్కువ వ్యవధిలోనే గొట్టం కొట్టిన గంటలా కంపిస్తుంది. ఆ కంపనంలో గొట్టం మూతి ఎటు వైపు ఉన్నప్పుడు గుండు బయటపడుతుందో దాన్ని బట్టే అది తగిలే చోటు మారుతుంది. ప్రతిసారీ ఒకే వేగంతో బయలుదేరిన గుండు ప్రతిసారీ దాదాపు ఒకే స్థితిలో మూతిని దాటుతుంది. ఇంటి బల్ల మీద ఇంత శ్రమ పడేది బలమైన తూటా కోసమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఫ్యాక్టరీ తూటాలో బలానికి లోటేమీ లేదు. శ్రమంతా ఒక తూటాకూ మరో తూటాకూ తేడా లేకుండా చేయడం కోసమే.

మందు గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. పాత నల్లమందుకు భిన్నంగా, 1880లలో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ రూపొందించిన పొగలేని మందు కాలే తీరును దాని రవ్వ ఆకారంతో అదుపు చేయవచ్చు. 2022 దాకా నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న శ్రీహరికోటలో ఘన ఇంధనంతో రాకెట్ మోటార్లు పోత పోసేటప్పుడు పాటించే సూత్రమూ ఇదే. మంట పైపొర నుంచి లోపలికి నడుస్తుంది కాబట్టి ఏ క్షణంలో ఎంత ఉపరితలం కాలుతోందో, ఆ క్షణంలో అంత వాయువు పుడుతుంది. అందుకే రాకెట్ ఇంధనం మధ్యలో ఎలాంటి బోలు ఉంచాలన్నది అంత జాగ్రత్తగా నిర్ణయిస్తారు. రైఫిల్ మందు రవ్వలు చాలా రకాల్లో సన్నని గొట్టం ముక్కల్లా ఉంటాయి. బయటి పొర కాలుతూ కుంచించుకుపోతుంటే లోపలి రంధ్రం కాలుతూ పెద్దదవుతుంది, మొత్తం మీద మంట ఒక తీరున సాగుతుంది. రవ్వల మీద పూసిన పూతలు మొదటి మంటను ఇంకాస్త నెమ్మది చేస్తాయి. పిస్తోలుకు తగిన మందు వేగంగా కాలుతుంది, బరువైన గుండును పొడవాటి గొట్టంలో తోయవలసిన మందు నిదానంగా కాలుతుంది. మొదటిదాన్ని రెండోదాని స్థానంలో పోస్తే ఎంతటి రైఫిలైనా ముక్కలు కావచ్చు.

ఆ ఒత్తిడి ఎంతో ఒక పోలికతో తెలుస్తుంది. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 32 పౌండ్ల చుట్టూ ఉంటుంది. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 62,000 పౌండ్లు. టైరు కంటే దాదాపు 1,900 రెట్లున్న ఆ ఒత్తిడి కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో పుడుతుంది. దాన్ని పుట్టించే మందు బరువు అటూ ఇటూగా 45 గ్రెయిన్లు, పాత లెక్కలో 24 గురిగింజలు, అంటే పావు తులం. ఈ అంకె పరిమాణం మనసుకు పట్టడానికి చెప్పినదే గానీ ఏ తూటాకూ కొలత కాదు. అసలు కొలత మందు తయారీదారులు, గుండ్ల తయారీదారులు ప్రయోగశాలలో పరీక్షించి అచ్చువేసిన పట్టికల్లోనే ఉంటుంది. పట్టికలో ఉన్నది ఫలానా గుండు, ఫలానా గుల్ల, ఫలానా ప్రైమర్, ఫలానా మందు కలిసిన జోడింపు. అందులో ఒక్కటి మార్చినా లెక్క మొదటికి వస్తుంది. 4831, 4895 లాంటి అంకెలతో రెండు వేర్వేరు బ్రాండ్ల మందులు ఉన్నాయి. అంకె ఒకటే అయినా మందు ఒకటి కాదు. అంకెను చూసి పేరును చూడకపోవడం ఈ పనిలో క్షమించలేని అజాగ్రత్త.

కొత్త రైఫిల్‌కు మందు కొలత నిర్ణయించే పద్ధతి ఓపికతో కూడినది. పట్టికలోని గరిష్ఠానికి సుమారు పదో వంతు తక్కువతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టుకు అర గ్రెయిన్, కొందరు అంతకన్నా తక్కువ, పెంచుకుంటూ పోవాలి. ప్రతి మెట్టులో కొన్ని తూటాలు కాల్చి, ఖాళీ గుల్లలను వెలుతురులో తిప్పి చూడాలి. ప్రైమర్ అంచుల గుండ్రదనం పోయి అప్పడంలా అణిగిపోయిందా, గుల్ల అడుగున బోల్టు ముఖం ఆనవాలు మెరుస్తూ అచ్చు పడిందా, బోల్టు పిడి ఎత్తడానికి మామూలు కంటే బలం కావలసి వచ్చిందా అని పరిశీలించాలి. వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపి వెనక్కి తగ్గవలసిందే. అయితే ఈ గుర్తులను నమ్ముకుని పట్టిక హద్దు దాటేవాళ్లు ఒక విషయం మరచిపోతున్నారు. చాలా తుపాకుల్లో ఈ గుర్తులు బయటపడే సరికే ఒత్తిడి హద్దు మీరిపోయి ఉంటుంది. అవి కనిపించలేదంటే క్షేమమని అర్థం కాదు. తక్కువ పోస్తే క్షేమమన్న ఊహ కూడా సరికాదు. నిదానంగా కాలే మందును కనీస కొలతకు దిగువన పోసినప్పుడు అది సరిగా అంటుకోక, ఒక్కోసారి అనూహ్యంగా ఒత్తిడి పెరిగి తుపాకులు దెబ్బతిన్న ఉదంతాలు ఉన్నాయి. పట్టికలో పై హద్దు ఎంత ముఖ్యమో కింది హద్దూ అంతే ముఖ్యం.

ఎండ సంగతి నెల్లూరు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో కారు తలుపు పిడి పట్టుకోలేని వేడి ఎలాంటిదో, ఆగస్టులో టెక్సస్ వేడీ అలాంటిదే. మందు వెచ్చబడిన కొద్దీ వేగంగా కాలుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. చలికాలపు ఉదయం గరిష్ఠానికి అంచున తేల్చిన కొలత, మూసిన కారులో మధ్యాహ్నమంతా ఉడికిన తూటాలో హద్దు దాటవచ్చు. వేడికి తక్కువగా స్పందించే మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా తూటాల పెట్టెను నీడన ఉంచడం కంటే మేలైన ఉపాయం లేదు.

పని జరిగే తీరును దగ్గరగా చూస్తే దాని స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి, పొడవు కొలిచి, 2.015 అంగుళాలు దాటిన .308 గుల్లలను కోసి సరిచేసి, కొత్త ప్రైమర్లు ఎక్కించిన యాభై గుల్లలు ఒక చెక్కపలక గుంటల్లో వరుసగా మూతులు పైకి పెట్టి నిలబడి ఉంటాయి. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా ఉంటుంది, రెండో డబ్బా అలమరలో నుంచి బయటికే రాకూడదు. తక్కెడ పళ్లెంలో రవ్వ రవ్వగా మందు రాలుతుంటే ముల్లు నిదానంగా లేస్తుంది. పదో వంతు గ్రెయిన్, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, కొద్ది రవ్వల తేడా. ఫ్యాను ఆపకపోతే ముల్లు నిలవదు. యాభై గుల్లలూ నిండాక గుండ్లు బిగించే ముందు, పలక మీదికి టార్చిలైటు ఏటవాలుగా పట్టి యాభై మూతుల్లోకీ చూస్తారు. మందు మట్టం అన్నిటిలోనూ ఒకే ఎత్తున కనిపించాలి. ఒకటి ఖాళీగా ఉండి అలాగే గుండు బిగిస్తే, ప్రైమర్ ఒక్కటే పేలి గుండు గొట్టంలోనే చిక్కుకోవచ్చు. ఆ సంగతి గమనించకుండా రెండోది కాల్చినవాడి రైఫిల్ గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. మామూలు శబ్దానికి బదులు బోలు చప్పుడు వినిపిస్తే అక్కడికక్కడే ఆగి, తూటాలు తీసేసి గొట్టంలోకి చూడాలన్న నియమం ఇందువల్లనే వచ్చింది. రైఫిల్ గుల్ల సగానికి పైగా నిండే మందును ఎంచుకుంటే పొరపాటున రెండుసార్లు పోసినప్పుడు పొర్లి బయటపడుతుంది. ఇది చిన్న ఉపాయమే అయినా ప్రాణాలు కాపాడేది.

ఈ పని చేసేటప్పుడు ఫోను పక్కగదిలో ఉండాలి, టీవీ మూగబోవాలి, మాట్లాడించేవాళ్లు ఉండకూడదు. పిల్లల చేతికి అందనంత ఎత్తున ప్రైమర్లు వాటి సొంత పెట్టెల్లోనే ఉండాలి, వాటిని గాజు సీసాల్లోకి ఒంపి దాచకూడదు. మందునూ కొన్న డబ్బాలోనే ఉంచాలి. పేరు చెరిగిన సీసాలోని మందు ఏదో గుర్తుకు రానప్పుడు దాన్ని పారేయడం నష్టం కాదు.

గుండు ఎంపిక దగ్గర వేటగాడి బాధ్యత మొదలవుతుంది. తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే ప్రాణస్థానం సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే ఒక మాదిరి అన్నం పళ్లెమంత. గుండు అక్కడ తగలాలి, తగిలాక లోపల పుట్టగొడుగులా విచ్చుకోవాలి. అప్పుడే జంతువు కొద్ది క్షణాల్లో పడిపోతుంది. విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోయే పూర్తి కవచపు గుండ్లను అమెరికాలో చాలా రాష్ట్రాలు జింకల వేటకు నిషేధించాయి. వేగం మరీ ఎక్కువైతే పలుచని గుండు చర్మం కిందే ముక్కలై మాంసాన్ని పాడుచేస్తుంది, మరీ తక్కువైతే విచ్చుకోదు. సీసం తునకలు మాంసంలో కలిసి తిన్నవాళ్ల శరీరంలోకి, వదిలేసిన పేగుల ద్వారా రాబందుల కడుపులోకి చేరతాయి. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించడానికి అక్కడి కాండర్ రాబందుల మరణాలు ముఖ్య కారణం. రాగి గుండు అదే బరువులో సీసపు గుండు కంటే పొడవుగా ఉంటుంది, పొడవైన గుండు గాలిలో తొణకకుండా పోవాలంటే గొట్టంలో మెలికలు బిగువుగా ఉండాలి. కాబట్టి రాగి వాడదలచినవాడు రైఫిల్ కొనే రోజే మెలిక పది అంగుళాలకు ఒకటా, పన్నెండు అంగుళాలకు ఒకటా అని చూసుకోవాలి.

గురి పరీక్షలో చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. నూరు గజాల దూరంలో మూడు తూటాలు కాల్చి, మూడూ అంగుళంలో పడగానే కొలత కుదిరిందని డైరీలో రాసుకుంటారు. మూడు తూటాలు దగ్గరగా పడటం అదృష్టం వల్లనూ జరుగుతుంది. అదే కొలతతో పది కాలిస్తే ఆ గుంపు రెండింతలు కావడం అరుదేమీ కాదు. ఎనిమిది అంగుళాల ప్రాణస్థానానికి నూరు గజాల్లో రెండంగుళాల నమ్మకమైన గుంపు చాలు. అర అంగుళం కోసం వందల తూటాలు కాల్చి కొత్త గొట్టాన్ని అరగదీయడం కంటే, ఆ తూటాలను నిలబడి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని కాల్చడం నేర్చుకోవడానికి ఖర్చు చేయడం మేలు. అడవిలో ఇసుక మూటల మీద తుపాకీ ఆనించే బల్ల ఉండదు.

ఖర్చు విషయానికి వస్తే, ప్రెస్, డైలు, తక్కెడ, కొలత పరికరాల పెట్టుబడి ఏడాదికి ఒకటి రెండు జింకలను వేటాడేవాడికి ఎన్నటికీ తిరిగి రాదు. ఎక్కువగా సాధన చేసేవాడికి, అరుదైన కొలత రైఫిల్ ఉన్నవాడికి మాత్రమే లెక్క కలిసి వస్తుంది. ఆదా కోసం మొదలుపెట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

ఇక చట్టం. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికి చేస్తే కావాలి. అయితే మనవాళ్లలో ఎక్కువ మందికి వర్తించే మెలిక ఒకటుంది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిన మరునాడు ఆ మినహాయింపు ఉండదు, బీరువాలో రైఫిల్ మాత్రం అలాగే ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. టెక్సస్‌లోనైతే 1971 సెప్టెంబరు 2న, ఆ తరువాత పుట్టిన వేటగాళ్లకు వేట శిక్షణ తప్పనిసరి.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ రక్షిత జాబితాల్లోని జంతువుల వేటను నిషేధించింది. వెలిగొండల్లోని దుప్పి, కణితి, కొండగొర్రె అన్నీ ఆ రక్షణలో ఉన్నవే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. వేటాడిన జంతువుతో పాటు, స్వాధీనం చేసుకున్న తుపాకీ, వాహనం కూడా చట్టం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వపరమవుతాయి. తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్సు కావాలి. అది లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. లైసెన్సుతో ఇంట్లో తుపాకీ ఉన్నంత మాత్రాన తూటా నింపుకునే హక్కు రాదు.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా, పెనుశిల నరసింహ అభయారణ్యం చుట్టుపక్కల, ఉదయగిరి, సీతారామపురం కొండ అంచుల్లో, పాత ప్రకాశం జిల్లా పడమటన గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నల్లమల పంచన నాటు తుపాకీ అన్న మాట ఎవరికీ కొత్త కాదు. గొట్టం మూతిలో నుంచి నల్లమందు, గుడ్డపీలిక, సీసం గుళ్లు ఒకదాని తరువాత ఒకటి కడ్డీతో దట్టించే ఆ ఆయుధం కూడా చేతితో నింపేదే. పైన చెప్పుకున్న పనికీ దీనికీ ఉన్న తేడా తక్కెడ. మందు అరచేతి అంచనాతో పడుతుంది, గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించి ఉండరు, ఏ గుళ్లు ఎటు పోతాయో కాల్చేవాడికే తెలియదు. అది పేలి కాల్చినవాడి వేళ్లు పోయినా, చీకట్లో పొదల వెనుక ఉన్న తోటివాడికి తగిలినా ఆశ్చర్యపడవలసింది లేదు. గుళ్లు తగిలీ తగలని దుప్పి వాగుల్లో పడి పరిగెత్తి, ఎక్కడో ఈతచెట్ల మధ్య రోజుల తరబడి పుండుతో తీసుకుని తీసుకుని చస్తుంది. అలాంటి చావును వేట అనడానికి మనసు ఒప్పదు.

దీని వెనుక నిజమైన కష్టం ఒకటుంది, దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. కొండ కింద కంది, వేరుసెనగ, మొక్కజొన్న వేసిన రైతు మంచె మీద రాత్రంతా డబ్బా మోగిస్తూ, వడిసెల తిప్పుతూ కూర్చున్నా, తెల్లారేసరికి అడవిపందులు చేను దున్నేసి పోతాయి, లేత మొలకలను దుప్పులు మేసిపోతాయి. ఆ కోపంలో తీసిన నాటు తుపాకీ, చేను చుట్టూ పాకించిన కరెంటు తీగ అంతకంటే పెద్ద నష్టాన్ని ఇంటికి తెస్తున్నాయి, కొన్నిసార్లు చేను యజమాని ప్రాణమే పోతోంది. చట్టంలో దారి లేకపోలేదు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలా నిమిత్తం మూతి నుంచి మందు నింపే తుపాకీకి లైసెన్సు ఇచ్చే సంగతిని విడిగా ప్రస్తావిస్తుంది. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ పంటకు ప్రమాదంగా మారిన జంతువు విషయంలో, రెండో జాబితాలోనిదైతే, రాతపూర్వక ఉత్తర్వుతో దాన్ని తొలగించే అధికారాన్ని అటవీ అధికారులకు ఇచ్చింది. అయితే ఆ లైసెన్సు దుప్పి మాంసానికి అనుమతి కాదు, ఉత్తర్వు లేకుండా పందిని కాల్చడానికీ అనుమతి కాదు. పంట నష్టపు అర్జీతో పాటు పాదముద్రల ఫోటో, నష్టపోయిన విస్తీర్ణం, తేదీ రాసి పెట్టుకునే రైతు మాట అటవీ కార్యాలయంలో ఎక్కువ నిలబడుతుంది.

అమెరికా నుంచి సంక్రాంతికో పెళ్లికో వచ్చేవాళ్లకు వర్తించే జాగ్రత్త ఒకటి మిగిలి ఉంది. నవంబరులో వేటకు తీసుకెళ్లిన వీపుసంచినే డిసెంబరులో విమానానికి సర్దుకోవడం మామూలుగా జరుగుతుంది. అడుగు అరలో మరచిపోయిన ఒకే ఒక్క తూటా చెన్నై విమానాశ్రయంలో స్కానర్ కింద కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. తెలిసి దగ్గర ఉంచుకున్నదే నేరమని సుప్రీంకోర్టు 1972 నాటి గున్వంత్‌లాల్ కేసు నుంచి చెబుతూ వచ్చినా, తెలియదని నిరూపించుకునే లోపు సెలవులన్నీ పోలీసు స్టేషన్, కోర్టుల మధ్యే గడిచిపోతాయి. వేట సంచిని వేటకే ఉంచాలి. లేదా బయలుదేరే ముందు అన్ని జిప్పులూ తెరిచి, తలకిందులుగా దులిపి, జాకెట్ జేబులు కూడా చేతితో తడిమి చూడాలి. తమ్ముడికి చూపించడానికి దాచుకున్న ఖాళీ ఇత్తడి గుల్లను సైతం గ్యారేజీ బల్ల మీదే వదిలి రావాలి.